ఒక ఆరోపం, రెండు సంతకాలు: హిందూధర్మ విజ్ఞాన సర్వస్వంలో వైఖానస వ్యాసం

ఈ కేసు బహుళ సంపుటాలుగా ఇంగ్లీషులో తయారైన ఒక హిందూధర్మ విజ్ఞాన సర్వస్వానికి సంబంధించినది. అందులో ఆగమాలు, ఆలయారాధన విభాగానికి నేను సంపాదకుణ్ణి. సంస్థ పేరు, వ్యాసకర్తల పేర్లు, ఊళ్లు వదిలేశాను. వ్యక్తుల ఆనవాళ్లు కొన్ని మార్చాను. శాసనాలు, గ్రంథాలు, కోర్టు తీర్పులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే. మా విభాగంలో అన్నిటికంటే ఆలస్యంగా తేలిన ఆరోపం (అంటే సర్వస్వంలో ఒక శీర్షిక, దాని కింది వ్యాసం) ‘వైఖానసం’, వైష్ణవాలయాల్లో పాటించే ఒక అర్చన సంప్రదాయం. సమాచారం దొరకక కాదు, అది కుప్పతెప్పలుగా ఉంది. ఏ వాక్యానికి ఎవరు పూచీ అన్నదే ఎంతకీ తేలలేదు.

నేపథ్యం

ఇలాంటి పనులు ఎక్కడ ఆగిపోతాయో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని అకారాది క్రమంలో మొదలుపెట్టి, వర్ణమాల తొలి అక్షరాల దగ్గర ఉండగానే 1923లో కన్నుమూశారు. రుషీకేశ్ కేంద్రంగా 1987లో తలపెట్టిన పదకొండు సంపుటాల ఇంగ్లీషు సర్వస్వం వెయ్యిమందికి పైగా పండితుల చేతుల మీదుగా నడిచి, పాతికేళ్లకు గాని పాఠకులకు అందలేదు. నెదర్లాండ్స్‌కు చెందిన బ్రిల్ సంస్థ అకారాదిని పక్కనపెట్టి విషయాల వారీగా సంపుటాలు వేసింది. మొదటి సంపుటం 2009లో వచ్చింది.

మేము బ్రిల్ దారికి దగ్గరగా వెళ్లాం. అకారాది క్రమంలో పని మధ్యలో ఆగితే సగం వర్ణమాల మిగులుతుంది, అది ఎవరికీ పనికిరాదు. విషయాల వారీగా వేస్తే, ఆగినా కనీసం కొన్ని విషయాలు పూర్తిగా చేతికొస్తాయి. అయితే ఈ పద్ధతికో చిక్కు ఉంది. ఒకే సంగతిని నాలుగు వ్యాసాలు ఒకే సంపుటంలో, పక్కపక్కనే తాకుతాయి. అకారాదిలో ఎనిమిది సంపుటాల దూరంలో దాగిపోయే వైరుధ్యం ఇక్కడ రెండు పేజీలు తిప్పగానే బయటపడుతుంది. వైఖానసం, పాంచరాత్రం, తిరుమల, శ్రీరంగం, రామానుజులు: ఈ అయిదు ఆరోపాలూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పాలి. లేదా ఒకదాన్నొకటి పట్టివ్వాలి.

విషయం తెలియనివారికి రెండు మాటలు. వైష్ణవాలయాల్లో ఆరాధన ప్రధానంగా రెండు ఆగమాల ప్రకారం జరుగుతుంది. తిరుమల వైఖానసం, తిరుచానూరు, శ్రీరంగం పాంచరాత్రం. వైఖానసులు తమ సంప్రదాయాన్ని విఖనస మహర్షికీ, ఆయన శిష్యులు అత్రి, భృగు, కశ్యప, మరీచులకూ ముడిపెడతారు. మరీచి పేరిట విమానార్చనకల్పం, కశ్యపుడి పేరిట జ్ఞానకాండ ఉన్నాయి. పాంచరాత్రంలో అర్చకత్వానికి దీక్ష కావాలి. వైఖానసంలో పుట్టుకే అర్హత. సీమంతంతో పాటు జరిగే విష్ణుబలిలో చక్రముద్ర వేసిన పాయసం గర్భిణికి ఇస్తారు. దానితో కడుపులోని శిశువుకు వైష్ణవత్వం సిద్ధిస్తుందని వారి సిద్ధాంతం. అందుకే భుజాల మీద కాల్చి వేసే శంఖచక్రాల ముద్రలు, అంటే తప్తముద్రలు, వారికి అక్కర్లేదు.

సమస్య ఎలా ఎదురైంది

వ్యాసం రాయమని మొదట కోరింది ఆ సంప్రదాయంలోనే పుట్టి, ఆగమ పాఠశాలలో దశాబ్దాల పాటు పాఠం చెప్పిన ఒక పెద్దాయనను. ఆయనను పండితులవారు అంటాను. ఎంపికకు కారణం సూటిగా ఉంది. వైఖానస గ్రంథాల్లో చాలాభాగం ఇంగ్లీషులోకి రాలేదు. వచ్చినవాటిలో డచ్ పండితుడు కాలండ్ 1920లలో తెచ్చిన స్మార్తసూత్రం (వైఖానసుల గృహ్యకర్మలు, ధర్మాలు చెప్పే గ్రంథం), మరో డచ్ పండితుడు గౌద్రియాన్ 1965లో అనువదించిన జ్ఞానకాండ ముఖ్యమైనవి. మిగిలినవాటిని మూలంలో చదివి, చేత్తో చేసి చూపగలవారు కొద్దిమందే.

ఆయన తెలుగులో రాసి పంపారు. అడిగిన నిడివికి నాలుగింతలు ఉంది. అందులో పంచబేరాల, అంటే ఆలయంలోని అయిదు విగ్రహాల, భాగం చదువుతుంటే నాకు ముచ్చటేసింది. ధ్రువబేరం కదలదు, దాని శక్తిని కూర్చతో (దర్భల కట్టతో) కౌతుకబేరంలోకి ఆవాహన చేసి నిత్యార్చన చేస్తారు, స్నానానికి స్నపనబేరం, ఊరేగింపుకు ఉత్సవబేరం, బలిహరణకు (పరివార దేవతలకు అన్నం సమర్పించడానికి) బలిబేరం. తిరుమలలో వరసగా మూలవిరాట్టు, భోగ శ్రీనివాసుడు, ఉగ్ర శ్రీనివాసుడు, మలయప్పస్వామి, కొలువు శ్రీనివాసుడు. చేసేవాడు రాస్తే తప్ప రాని స్పష్టత అది.

చరిత్ర భాగానికి వచ్చేసరికి కథ మారింది. విఖనసుడు సృష్ట్యాదిలో పుట్టాడని, వైఖానస సూత్రం వేదాల సరసన ఉన్నదని, మనుస్మృతి ఆరో అధ్యాయంలోనే వైఖానస మతం పేరు ఉంది కనుక ప్రాచీనత నిర్వివాదమని రాశారు. విదేశీ విశ్వవిద్యాలయంలో పనిచేసే సమీక్షకురాలు ఒక్కొక్కటే కొట్టేశారు. మనువు చెప్పినది పండిన, రాలిన పండ్లు, దుంపలు తిని బతికే వానప్రస్థుణ్ణి గురించి, ఆలయ అర్చకుణ్ణి గురించి కాదు. స్మార్తసూత్రంలో బుధవారం ప్రస్తావన ఉంది. వారాల పేర్లు మన దేశంలో వాడుకలోకి వచ్చింది క్రీస్తుశకం తొలి శతాబ్దాల తరవాతే కాబట్టి, ఇప్పుడున్న రూపంలో ఆ సూత్రం నాలుగో శతాబ్దం కంటే వెనక్కి పోదు. ఇవి గట్టి అభ్యంతరాలు. కాని ఆమె అక్కడితో ఆగలేదు. వ్యాసమంతా ‘సంప్రదాయ ప్రచారం’ అని ముద్ర వేసి, ముచ్చటైన బేరాల భాగాన్ని కూడా తిరగరాయమన్నారు.

పండితులవారికి ఆ వ్యాఖ్యలు పంపితే వచ్చిన జవాబు ఒకటే వాక్యం: “అయ్యా, నన్ను అడిగింది మీరు, ఇప్పుడు నేను చెప్పకూడదంటున్నదీ మీరే.”

మొదటి ప్రయత్నం

సంపాదకవర్గం ముందు రెండు దారులు ఉన్నాయి. వ్యాసకర్తను మార్చడం, లేదా ఉన్న వ్యాసాన్ని మా కార్యాలయంలోనే సరిదిద్దడం. రెండోదాన్నే ఎంచుకున్నారు. దానికి వాదం ఉంది: విషయం బాగుంది, స్వరమే ఇబ్బంది, స్వరాన్ని సరిచేస్తే సమీక్షకురాలు ఒప్పుకుంటారు, పండితులవారి పేరూ నిలుస్తుంది. అలా వ్యాసమంతటా ‘అని నమ్ముతారు’, ‘అని చెబుతారు’, ‘సంప్రదాయం ప్రకారం’ అని చేర్చుకుంటూ పోయారు.

ఇది ఇద్దరికీ నచ్చలేదు, ఆ నచ్చకపోవడంలోనే అసలు సంగతి ఉంది. పండితులవారు ఫోను చేసి అన్నారు: “మా నాన్నగారు నన్ను ఎదురుగా కూర్చోబెట్టి చెప్పినదాన్ని మీరు ‘చెబుతారు’ అని రాశారు. చెప్పినవాడు ఎవడో తెలియదన్నట్టే కదండీ. ఊళ్లో పుకారుకూ మా పాఠానికీ తేడా ఏమిటి?” సమీక్షకురాలి అభ్యంతరం ఇంకో వైపు నుంచి వచ్చింది. ‘నమ్ముతారు’ అన్నారు సరే, ఎవరు? అర్చకులా, భక్తులా, ఏదైనా గ్రంథమా? ఏ కాలంలో?

మాటలు వేరైనా ఇద్దరూ అడిగింది ఒకటే. మేము చల్లిన మాటలు వాక్యాన్ని మెత్తబరిచాయి గాని సాక్షిని మాయం చేశాయి. ఇంకో ముప్పు కూడా ఉంది. ధ్రువబేరం కదలదు అన్నది నమ్మకం కాదు, విధి. తిరుమలకు వెళ్లి చూడవచ్చు. దానికీ ‘నమ్ముతారు’ తగిలించేసరికి, నిజంగా వివాదం ఉన్నచోటూ లేనిచోటూ ఒకేలా కనబడసాగాయి. విజ్ఞాన సర్వస్వాల్లో ఈ జబ్బు చాలా మామూలు. మర్యాద కోసం రాసిన వాక్యం ఎవరికీ ఉపయోగపడదు.

రెండో ప్రయత్నం

తరవాత మొదటి దారికే వచ్చారు. దక్షిణాది ఆలయ చరిత్ర మీద పుస్తకాలు రాసిన ఒక ప్రొఫెసర్‌గారికి పని అప్పగించారు. గడువులోపే, అడిగిన నిడివిలో, శుభ్రమైన ఇంగ్లీషులో వ్యాసం వచ్చింది. సమీక్షకురాలు చిన్న సవరణలతో ఆమోదించారు. ప్రధాన సంపాదకుడికి ఊపిరి ఆడింది.

ప్రచురణకు ముందు ప్రతి ఆరాధన వ్యాసాన్నీ ఆ ఆరాధన చేసే ఒక అర్చకుడికి చదివి వినిపించాలని మా విభాగంలో నియమం పెట్టుకున్నాం. ప్రొఫెసర్‌గారి వ్యాసాన్ని గుంటూరు జిల్లాలో ఒక వైఖానస అర్చకుడికి తెలుగులో చెప్పుకుంటూ పోయాం. మూడో పేరాలో ఆయన చెయ్యి ఎత్తి ఆపారు. “మాకు తప్తముద్రలు ఎక్కడివి స్వామీ?” వ్యాసంలో వైఖానస అర్చకులు పంచసంస్కారాలు పొంది, భుజాల మీద ముద్రలు వేయించుకున్నాకే అర్చనకు అర్హులని ఉంది. అది శ్రీవైష్ణవ ఆచారం. ఈ సంప్రదాయాన్ని తక్కినవాటి నుంచి వేరుచేసే గీతే ఆ ఒక్క వాక్యంలో చెరిగిపోయింది. సమీక్షలో ఎవరూ పట్టుకోలేదు, ఎందుకంటే చదివినవారందరూ గ్రంథాలయం వైపు వాళ్లే.

ఇది ప్రొఫెసర్‌గారి అసమర్థత అని నేను అనుకోవడం లేదు. శాసనాల భాగం ఆయన రాసినంత బాగా పండితులవారు రాయలేరు. సాక్ష్యాల్లో రకాలున్నాయి, అన్ని రకాలూ ఒకే మనిషి చేతిలో ఉండవు. ఒక్క సంతకం ఉన్న వ్యాసం మాత్రం అన్నీ అతని చేతిలో ఉన్నట్టే మాట్లాడుతుంది.

మలుపు

దారి దొరికింది కోర్టు కాగితాల్లో. ఆరోపంలో చట్టం గురించి ఒక పేరా తప్పనిసరి. ఆంధ్రప్రదేశ్ 1987 దేవాదాయ చట్టం అర్చకుల వంశపారంపర్య హక్కులను రద్దు చేసింది. నారాయణ దీక్షితులు కేసులో 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. పూజావిధానం మతానికి చెందినదే గాని అర్చకుణ్ణి నియమించడం లౌకిక వ్యవహారమంది. 2007లో చట్టాన్ని సవరించి అర్చక కుటుంబాలకు కొంత వెసులుబాటు ఇచ్చారు. దీనికి ముందు 1972లో తమిళనాడు నుంచి వచ్చిన శేషమ్మాళ్ కేసు ఉంది. ఆ తీర్పు చదువుతుండగా ఒక భాగం దగ్గర ఆగిపోయాను. భృగు, అత్రి, మరీచి, కశ్యపుల సంప్రదాయానికి చెంది, వైఖానస తల్లిదండ్రులకు పుట్టినవారే వైఖానసాలయాల్లో అర్చనకు అర్హులన్న సంగతిని న్యాయస్థానం ‘నమ్ముతారు’ అని రాయలేదు. ఆగమ పండితుడు ఆర్. పార్థసారథి భట్టర్ అఫిడవిట్‌లో ఇలా చెప్పారు అని, ఆయన పేరు పెట్టి, ఆయన ప్రామాణికతను ఒప్పుకుని మరీ ఉటంకించింది. ఆ తరవాత తన నిర్ణయం తాను చేసింది.

సాక్ష్యాన్ని సాక్ష్యంగా గౌరవించడం, దానికి కట్టుబడాలో లేదో వేరుగా తేల్చుకోవడం: న్యాయస్థానాలకు ఇది రోజూ చేసే పని. పండితుణ్ణి రచయితగా కాకుండా సాక్షిగా, అదీ పేరున్న సాక్షిగా నిలబెట్టవచ్చన్న ఆలోచన అక్కడి నుంచి వచ్చింది.

ఏం చేశాం

ఉన్న రెండు వ్యాసాలనూ వాక్యాలుగా విడగొట్టి, ఒక్కో వాక్యాన్ని ఒక్కో చీటీ మీదికి ఎక్కించాం. ప్రతి చీటీకీ ఒక గడి: ఈ మాట దేని మీద నిలబడింది? గ్రంథం, శాసనం, కోర్టు లేదా దేవాదాయ రికార్డు, కళ్లతో చూసిన ఆచారం, గురుపరంపరగా విన్నది. అయిదే రకాలు. ఏ గడిలోనూ పడని వాక్యాన్ని తీసేశాం. ఆశ్చర్యమేమంటే, అలా రాలిపోయినవి ప్రొఫెసర్‌గారి వ్యాసంలోనే ఎక్కువ. ‘ప్రాచీన కాలం నుంచి ప్రజాదరణ పొందిన’ లాంటివి. అందంగా ఉంటాయి, ఆధారం ఉండదు.

చీటీలు పెట్టాక తిరుమల వెండి విగ్రహం సంగతి ఎలా తేలిందో చూడండి. పల్లవ రాణి సామవై భోగ శ్రీనివాసుడి వెండి విగ్రహాన్ని చేయించి ఇచ్చింది. పండితులవారి వ్యాసంలో అది క్రీ.శ. 614. ప్రొఫెసర్‌గారి వ్యాసంలో 966. మూడున్నర శతాబ్దాల తేడా. ఈ రెండు తేదీలూ బయట పుస్తకాల్లో విడివిడిగా తిరుగుతూనే ఉంటాయి, ఒకదానికొకటి ఎదురుపడకుండా. శాసనాన్ని తీసి చూస్తే అందులో శక సంవత్సరం లేదు. రాజు పేరు, అతని పద్నాలుగో పాలనా సంవత్సరం మాత్రమే ఉన్నాయి. పేరులోని మహేంద్ర శబ్దాన్ని బట్టి పల్లవ మొదటి మహేంద్రవర్మ అనుకుంటే లెక్క 614 దగ్గర పడుతుంది. పదో శతాబ్దపు పార్థివేంద్రవర్మ అనుకుంటే 966 ప్రాంతానికి వస్తుంది. శాసన పండితులు మొగ్గేది ఇటే. అంటే రెండు తేదీలూ శాసనంలో లేవు. ఉన్నది పద్నాలుగు అన్న అంకె. మా వ్యాసంలో మొదట ఆ అంకె ఉంటుంది, ఆ తరవాతే రెండు లెక్కలు, ఏది ఎందుకు బలమైనదో ఒక వాక్యం. పండితులవారు దీనికి అభ్యంతరం చెప్పలేదు. “రాతి మీద ఉన్నది ఉన్నట్టు రాయండి, మిగతాది మీ లెక్క, మీ ఇష్టం” అన్నారు. ఆయన పట్టు 614 మీద కాదని, తన మాటను ఇంకొకరు తిరగరాయడం మీదనని నాకు అప్పటికి స్పష్టమైంది.

ఇక్కడే వ్యాసాన్ని రెండు భాగాలుగా విడదీయాలని నిర్ణయించాం. ‘ఆరాధన, సిద్ధాంతం’ అన్న మొదటి భాగం పండితులవారి సంతకంతో. అందులో విఖనసుడి ఆవిర్భావం, విష్ణుబలి, బేరాలు, నిత్యార్చన క్రమం ఆయన మాటల్లోనే ఉంటాయి. ‘నమ్ముతారు’ ఒక్కటీ లేదు. భాగం మొదట్లో ఒకే వాక్యం: ఇది ఫలానా పరంపరలో అధ్యయనం చేసిన పండితుడి ప్రవచనం అని. ‘గ్రంథాలు, చరిత్ర, చట్టం’ అన్న రెండో భాగం ప్రొఫెసర్‌గారిది. ఒకరి భాగంలో ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు. ఇద్దరూ ఒకరిది ఒకరు చదివి, విభేదించే చోట్లను నాకు రాసి పంపాలి. వాటిని చివర చిన్న పేరాగా, ‘తేలని విషయాలు’ అన్న పేరుతో నేను రాస్తాను, నా సంతకంతో.

రెండు గొంతులను కలిపి ఒకటిగా చేయాలన్న ఒత్తిడి అప్పటికీ ఉంది. విజ్ఞాన సర్వస్వం ఒకే స్వరంతో మాట్లాడాలి, లేకపోతే అది వ్యాస సంకలనం అవుతుందని ప్రధాన సంపాదకుడు వాదించారు. ఆ వాదనను తేలిగ్గా తీసెయ్యలేం. పాఠకుడు పూర్తి వ్యాసం చదవడానికి రాడు, ఒక సంగతి చూసుకుని వెళ్లిపోవడానికి వస్తాడు. మొదటి భాగం మాత్రమే చదివినవాడు విఖనసుడి సృష్ట్యాది జన్మను చరిత్ర అనుకుంటే? అందుకే కాలానికి సంబంధించిన ప్రతి వాక్యం పక్కనా రెండో భాగంలోని పేరాను చూడమని అక్కడికక్కడే సూచన పెట్టాం. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు. ఈ ఒక్క ఆరోపానికి అనుమతించారు.

సమీక్షకురాలు ఒప్పుకున్న తీరు చెప్పుకోదగ్గది. పండితులవారి భాగం చదివి ఒక ప్రశ్న వేశారు: కౌతుకబేరంలోకి ఆవాహన రోజూ చేస్తారా, సంధ్యకొకసారా? మొదటి చిత్తుప్రతిని ‘ప్రచారం’ అన్న మనిషి ఇప్పుడు సాక్షిని ప్రశ్న అడుగుతున్నారు. పండితులవారు మూడు పేజీల జవాబు రాశారు. అందులో సగం వ్యాసంలో చేరింది.

పక్క ఆరోపాల మీద పడ్డ దెబ్బ

వైఖానసం తేలగానే పాంచరాత్రం వ్యాసం కదిలింది. అందులో రామానుజులు శ్రీరంగంలో వైఖానసాన్ని తీసి పాంచరాత్రం ప్రవేశపెట్టారని, తిరుమలలో మాత్రం అది సాగలేదని నిర్ధారణగా రాసి ఉంది. మా చీటీ గడుల్లో పెట్టి చూస్తే శ్రీరంగం మార్పు ‘గ్రంథం’ గడిలో పడింది. కోయిలొళుగు అనే ఆలయ చరిత్ర దానికి ఆధారం. అది రామానుజుల తరవాత పెరుగుతూ వచ్చిన గ్రంథం. శాసనం గడి ఖాళీ. వ్యాసకర్త ఒప్పుకున్నారు కాబట్టి ‘కోయిలొళుగు చెప్పేదాని ప్రకారం’ అని వాక్యం మారింది. శ్రీరంగం, రామానుజులు వ్యాసాలు అప్పటికే పేజీలు కట్టి ఉన్నాయి. రామానుజులు వ్యాసాన్ని విప్పారు. శ్రీరంగం వ్యాసాన్ని విప్పడానికి ముద్రణ విభాగం ఒప్పుకోలేదు. సంపుటంలో ఇప్పటికీ ఆ పాత వాక్యం అలాగే ఉంది; పట్టుకునే పాఠకుడు పట్టుకుంటాడు.

తరవాత మార్చుకున్నవి

చీటీల పద్ధతి నెమ్మది. వేలాది ఆరోపాలున్న పనిలో అన్నిటికీ దీన్ని పెడితే లక్ష్మణరావుగారి లాగా మేమూ తొలి అక్షరాల దగ్గరే ఉంటాం. కాబట్టి ఇప్పుడు మొదటే ఒక ప్రశ్న వేసుకుంటున్నాం: ఈ ఆరోపానికి జీవించి ఉన్న సాక్షులున్నారా? పాణిని మీద వ్యాసానికి లేరు. మామూలు పద్ధతి చాలు. అర్చక సంప్రదాయాలు, మఠాలు, జాతర్లు, గ్రామదేవతల కొలుపులు: వీటికి ఉన్నారు. అక్కడ మాత్రమే రెండు సంతకాలు. గ్రామదేవతల విషయంలో ఇది ఇంకా అవసరం అనిపించింది. అక్కడ సాక్షి కొలుపులో పాడే ఆసాది, పంబ వాయించే పంబలవాడు, పోతురాజు వేషం కట్టేవాడు. సంస్కృత గ్రంథం చూపలేడు కనుక అతని మాట మొదటి చిత్తుప్రతిలోనే ‘స్థానికుల మూఢనమ్మకం’ అయిపోతుంది.

అర్చకుడికి చదివి వినిపించే పనిని చివరి నుంచి మొదటికి తెచ్చాం. తప్తముద్రల వాక్యం లాంటివి ప్రూఫు దశలో బయటపడితే ఖర్చు, మనస్తాపం రెండూ ఎక్కువ. పారితోషికమూ మార్చాం. వినిపించుకుని తప్పు పట్టిన అర్చకుడికి, సమీక్షకురాలికి ఇచ్చేదే ఇస్తున్నాం. ఆయన చేసింది సమీక్షే కదా. దీనికి లెక్కల విభాగం ఒప్పుకోవడానికి పట్టిన సమయం, ఆగమ వివాదానికి పట్టిన సమయం కంటే ఏమంత తక్కువ కాదు.

తేలనిది ఒకటి ఉంది. సంపుటం రెండో కూర్పుకు వెళుతోంది. చరిత్ర భాగాన్ని కొత్త శాసనాలతో సవరించడం సులభం. ప్రొఫెసర్‌గారు ఉన్నారు, ఆయన లేకపోయినా ఆ విషయం తెలిసినవారు చేయవచ్చు. పండితులవారి భాగం ఒకరి ప్రవచనం. దాన్ని ఇంకొకరు సవరిస్తే అది ఆయన సాక్ష్యం కాకుండా పోతుంది. అలాగని ఎప్పటికీ తాకకూడదంటే, ఇంకో వైఖానస పరంపరకు చెందిన పండితుడు తమ ఆచారం వేరని చెప్పినప్పుడు ఏం చేయాలి? ఒకరు ఇప్పటికే చెప్పారు కూడా, విష్ణుబలి చేసే నెల గురించి. పాత ప్రవచనాన్ని అలాగే ఉంచి, దాని కింద కొత్త సాక్ష్యాన్ని కొత్త సంతకంతో చేర్చాలని నేను ప్రతిపాదించాను. వ్యాసం చాంతాడంత అవుతుందని ప్రధాన సంపాదకుడి అభ్యంతరం. ఒప్పందపత్రంలో ఈ షరతు ఎలా రాయాలో న్యాయసలహాదారు ఇంకా చూస్తున్నారు. ఈలోగా రెండో పండితుడి లేఖను విష్ణుబలి చీటీకి పిన్ను పెట్టి ఫైల్లో ఉంచాం.